ఒక పూట గ్వాడెలూప్, ఒక పూట కోరంగి

క్రూయిజ్ ప్రయాణానికి ఓ వింత లెక్క ఉంటుంది. పొద్దున్న ఎనిమిదికి ఓడ రేవులో ఆగుతుంది, సాయంత్రం అయిదుకి మళ్లీ బయల్దేరుతుంది. ఆ మధ్యలో ఒక దీవిని, దాని చరిత్రని, తిండిని, కొండని, జలపాతాన్ని చూసెయ్యాలి. మా ఆఫీసులో పనులే ఇంతకన్నా కాస్త నింపాదిగా నడుస్తాయి.

రెండేళ్ల కిందట డిసెంబరులో మేం ఎక్కిన ఓడ కరీబియన్ దీవులు తిప్పుతూ ఒక రోజు గ్వాడెలూప్‌లో ఆగింది. ఓడవాళ్లు చూపించే బస్సు టూరు చౌక. కానీ మా పాపకి బస్సు పడదు, రెండో మలుపుకే వాంతి చేసుకుంటుంది. అందుకని ఒక పూటకి సొంతంగా కారు మాట్లాడుకున్నాం. నాలుగు గంటలు, ఒక డ్రైవరు, అతనే గైడు. ఇంగ్లీషు వచ్చని రాసి ఉంది. బాగానే వచ్చు.

గ్వాడెలూప్ రెక్కలు విప్పిన సీతాకోకచిలుకలా ఉంటుంది. తూర్పు రెక్క గ్రాండ్ టేర్: పల్లపు నేల, చెరకు. పడమటి రెక్క బాస్ టేర్: కొండలు, అగ్నిపర్వతం, వాన, అరటి. రెండింటికీ మధ్య సన్నటి ఉప్పుకాలువ, దాని మీద వంతెన. ఇప్పటికీ ఫ్రాన్సులో భాగమే, యూరోలే చెల్లుతాయి. పాయింతా పీత్ర్ రేవు దగ్గర దుకాణాల్లో ఆడవాళ్లు తలకు చుట్టుకునే గళ్ల గుడ్డలు వేలాడుతున్నాయి. ఏమిటివి అనడిగితే 'మద్రాస్' అన్నాడు డ్రైవరు. గుడ్డ పేరే మద్రాస్. మా ఆవిడ వేటపాలెం మనిషి. రెండు వేళ్లతో నలిపి చూసి, "మావైపు ఇలాంటివి నేసి ఆఫ్రికా పంపేవాళ్లు" అంది. నేను ఫొటో తీసుకున్నాను.

కారు బాస్ టేర్ వైపు తిరిగింది. కాపెస్టెర్ అనే ఊరు దగ్గర పడేకొద్దీ రోడ్డుకి రెండు పక్కలా అరటితోటలు. "రావులపాలెం వచ్చేశాం" అంది మా ఆవిడ. ఆ ఊరి దగ్గరే రోడ్డు పక్కన ఒక గోపురం కనబడింది. రంగురంగుల బొమ్మలు, మన తమిళ గుళ్ల పద్ధతి. షాంజీ గుడి అంటారట. అక్కడి అమ్మవారిని మాలియెమెన్ అంటారు. మారియమ్మన్ అన్న పేరు నూట యాభై ఏళ్లు క్రియోల్ నోళ్లలో నలిగి అలా అయింది. మేం చెప్పులు విప్పుతుంటే డ్రైవరు కూడా విప్పాడు. చేతులు జోడించాడు. నల్లటి మనిషి, ఉంగరాల జుట్టు. నేను ఆశ్చర్యపోవడం గమనించినట్టున్నాడు, "మా అమ్మమ్మ వాళ్లమ్మ ఇండియా నుంచి వచ్చింది, ఓడలో" అన్నాడు.

ఎక్కణ్ణుంచి?

"యనావోన్."

తమిళనాడులో ఏదో ఊరై ఉంటుందనుకుని తలూపాను. అతను కొంచెం ఆగి, "మీరు మాట్లాడుకునే భాష, ఆవిడ భాష ఒకటేనా?" అని అడిగాడు. నేను ఏమాత్రం తడుముకోకుండా చెప్పాను: కాదండీ, ఇక్కడికొచ్చినవాళ్లు తమిళులు, తర్వాత కలకత్తా నుంచి బిహారీలు. మాది తెలుగు. మావాళ్లెవరూ ఇంత దూరం రాలేదు.

అతను "అలాగా" అన్నాడు. తర్వాత జలపాతానికి తీసుకెళ్లాడు. దారిలో నిట్టనిలువు తాటిచెట్ల వరసలు చూపించాడు. టైముకి రేవులో దింపాడు. అయిదు చుక్కలిచ్చి మంచి రివ్యూ రాశాను.

మాది కాకినాడ. యానాం మా ఇంటికి ముప్ఫై కిలోమీటర్లు. ఇంజనీరింగ్ చదివే రోజుల్లో ఎన్నిసార్లు వెళ్లామో లెక్కలేదు. ఎందుకు వెళ్లేవాళ్లమో ఆ జిల్లా కుర్రాళ్లకు చెప్పక్కర్లేదు.

ఆర్నెల్ల తర్వాత, ఏదో వెతుకుతుంటే ఇండియాలో ఫ్రెంచి స్థావరాల పాత పటం ఒకటి కనబడింది. పాండిచ్చేరి, కారైకాల్, మాహె, చందర్‌నగర్ అని నాలుగు గుర్తుపట్టాను. అయిదోది గోదావరి పాయల మధ్య, కాకినాడకు కాస్త కింద. ఫ్రెంచివాళ్లు యానాంని రాసే పద్ధతి అది. యనావోన్.

ఆ రాత్రి నిద్ర పట్టలేదంటే అతిశయోక్తి. పట్టింది. కానీ పొద్దున్నే లేచి చదవడం మొదలుపెట్టాను, ఇప్పటికీ చదువుతున్నాను.

మొట్టమొదట తెలిసింది ఇది. తోటపనికి ఒప్పందం రాయించుకుని భారతీయుల్ని సముద్రం దాటించడం అనగానే అందరూ 1834 చెబుతారు. ఆ ఏడాది నవంబరులో అట్లాస్ అనే ఓడ కలకత్తా నుంచి మారిషస్ చేరింది. వాళ్లు దిగిన చోటు ఆప్రవాసీ ఘాట్ ఇవాళ యునెస్కో వారసత్వ స్థలం. కానీ అంతకు ఆరేళ్ల ముందే, 1828 మార్చిలో, యానాం నుంచి పదిహేనుమంది కూలీలను ఫ్రెంచివాళ్లు బూర్బోన్ దీవికి తీసుకెళ్లారు. ఇప్పుడు దాన్ని రీయూనియన్ అంటున్నాం. కాగితాల్లో వాళ్లని 'తెలింగా'లని రాశారు. తెలింగాలు, అంటే మనవాళ్లు. ఆ పదిహేనుమంది తర్వాత రెండు మూడేళ్లలో ఆ సంఖ్య మూడు వేల దాకా వెళ్లింది. జీతాలు సరిగ్గా ఇవ్వలేదు, ఒప్పుకున్న తిండి పెట్టలేదు, గొడవలయ్యాయి, ఏర్పాటు మూతపడింది. కానీ నమూనా తయారైంది: బానిసని కొనక్కర్లేదు, కొన్నేళ్లకి సంతకం చాలు. ఆ సంతకం కూడా వేలిముద్రో, గీతో.

యానాం నుంచే ఎందుకు? ఇందులో భూగోళం ఉంది. యానాం అంటే ముప్ఫై చదరపు కిలోమీటర్ల నేల. 1723లో ఫ్రెంచివాళ్లు అడుగుపెట్టారు. చుట్టూ ఉన్నదంతా ఇంగ్లీషు కంపెనీ జిల్లా. మూడు మైళ్లు నడిస్తే రాజు మారిపోతాడు. ఇటు పక్క అప్పుపడ్డవాడు, కులం వెలేసినవాడు, కరువులో పొలం వదిలేసినవాడు కాలువ దాటితే ఫ్రెంచి చట్టం కిందికి వస్తాడు. కూలీల మేస్త్రీకి కావలసింది అదే. మనకు ఇవాళ యానాం అంటే చౌక పెట్రోలు గుర్తొస్తుంది. సరిహద్దు తేడా మీద బతకడం ఆ ఊరికి కొత్త కాదు.

ఆ పదేళ్లలో జిల్లా ఎలా ఉందో కూడా చూడాలి. ఇంజరంలో, నరసాపురం పక్క మాధవాయపాలెంలో కంపెనీకి బట్టల ఫ్యాక్టరీలు ఉండేవి. ఫ్యాక్టరీ అంటే యంత్రాలు కాదు, నేతగాళ్లకి బయానా ఇచ్చి గుడ్డ కొనే గిడ్డంగి. మాధవాయపాలెం పేరు ఇంగ్లీషు, ఫ్రెంచి నిఘంటువుల్లో 'మడపొల్లం' అనే నూలుగుడ్డగా ఇప్పటికీ ఉంది. మాంచెస్టర్ గుడ్డ దిగాక కంపెనీ ఆ కొనుగోళ్లు ఆపేసింది. దాని మీద నందన కరువు, 1832-33. దాని మీద 1839 తుపాను. 1821లో ఏడు లక్షలు దాటిన రాజమండ్రి జిల్లా జనాభా, ఇరవై ఏళ్లు తిరిగేసరికి అయిదున్నర లక్షల చిల్లరకి పడిపోయింది. ధవళేశ్వరం ఆనకట్ట మొదలైంది 1847లో, పూర్తయింది 1852లో. కాటన్ దొర విగ్రహం లేని ఊరు మా జిల్లాలో అరుదు, ఉండాల్సిందే. అయితే ఆయన రాకముందు ఇరవై ఏళ్లలో ఇక్కడినుంచి ఓడెక్కినవాళ్ల గురించి మా స్కూలు పుస్తకంలో ఒక్క ముక్క లేదు.

ఫ్రాన్సు 1848లో తన వలసల్లో బానిసత్వం రద్దు చేసింది. విడుదలైనవాళ్లు చాలామంది చెరకు తోటల మొహం చూడనన్నారు. అప్పుడు పాత నమూనా మళ్లీ పైకొచ్చింది. 1853 మేలో ఒరెలీ అనే ఓడ మార్టినీక్‌కి మొదటి భారతీయ కూలీలను చేర్చింది. అదే ఓడ మరుసటి ఏడు క్రిస్మస్ ముందురోజు మూడు వందలకు పైగా జనంతో గ్వాడెలూప్ చేరింది. మేం వెళ్లింది కూడా డిసెంబరులోనే. పాయింతా పీత్ర్ రేవు అంతా క్రిస్మస్ దీపాలు. 1880ల చివర్లో ఇంగ్లీషువాళ్లు ఆపేదాకా గ్వాడెలూప్‌కి ఒక్కదానికే సుమారు 42 వేలమంది వెళ్లారు. పాండిచ్చేరి, కారైకాల్, యానాం మూడుచోట్లా మనుషుల్ని కూడగట్టేవాళ్లు. ఎక్కువమంది తమిళులన్నది నిజమే. డ్రైవరుతో నేనన్నదాంట్లో అంతవరకే నిజం.

ఇక్కడ పేరు సంగతి చెప్పాలి. నేను రోజూ చేసే ఉద్యోగంలో సగం పని రెండు చోట్ల రెండు రకాలుగా రాసిన ఒకే మనిషిని ఒకటిగా గుర్తుపట్టడం. కాబట్టి ఇది నాకు పరిచయమున్న జబ్బే. సత్తెమ్మ అనే మనిషి బల్ల ముందు నిలబడి పేరు చెబుతుంది. తమిళ దుబాసీ ఒక రకంగా వింటాడు. ఫ్రెంచి గుమాస్తా తన అక్షరాల్లో ఇంకో రకంగా రాస్తాడు, ఆ భాషలో చివరి హల్లులు సగం పలకవు. ఇంటిపేరు అడగరు, తండ్రి పేరు అడుగుతారు. పక్కన ఒక నంబరు వేస్తారు. తర్వాతి తరంలో ఆ తండ్రి పేరే ఇంటిపేరవుతుంది. తెలుగింటి పేర్లలో ఊళ్లున్నాయి, వృత్తులున్నాయి, ఒక్కోసారి పూర్వీకుడి వంటింటి ముచ్చటా ఉంటుంది. అదంతా ఆ బల్ల దగ్గరే ఆగిపోయింది. దీవిలో దిగాక అందరికీ కలిపి ఒకటే పేరు పెట్టారు: మలబార్. కేరళ ముఖం చూడని కాకినాడ మనిషి కూడా మలబారే. మనం అమెరికాలో 'ఇండియనా, అయితే హిందీ మాట్లాడతారన్నమాట' అంటే విసుక్కుంటాం కదా.

ఆ దీవిలో పుట్టిన పిల్లలు ఫ్రెంచి పౌరులా, బ్రిటిష్ ప్రజలా అన్న ప్రశ్న చాలాకాలం అలాగే వేలాడింది. కాపెస్టెర్‌లోనే ఉండే అంరీ సిదంబరం అనే ఆయన 1904లో కోర్టుకెళ్లాడు. ఓటుహక్కు తేలడానికి 1923 దాకా పట్టింది. మా డ్రైవరు మమ్మల్ని ఆ ఊరిగుండానే తీసుకెళ్లాడు. నేను అరటిగెలలు చూస్తున్నాను.

ఇంకోమాట. మన సాహిత్యంలో యాత్రాచరిత్ర అనగానే ఏనుగుల వీరాస్వామి గారి కాశీయాత్ర చరిత్రతో మొదలుపెడతాం. మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రెటరుగా పనిచేసిన మనిషి. 1830 మేలో బయల్దేరి 1831 సెప్టెంబరులో ఇల్లు చేరాడు. పల్లకీ, వందమంది దాకా పరివారం. తిరుగు ప్రయాణం ఈ కోస్తా మీదుగానే. దారిలో ఏ ఊళ్లో ఏ ధర, ఎక్కడ మంచినీళ్లు దొరుకుతాయి, ఎక్కడ దొరకవు అన్నీ రాశాడు. 1838లో పుస్తకం అచ్చయింది. గొప్ప పుస్తకం, నాకు చాలా ఇష్టం. కానీ ఆ తేదీలు ఒకసారి పక్కన పెట్టి చూడండి. ఆయన పల్లకీ ఎక్కేటప్పటికి యానాం తెలింగాలు హిందూ మహాసముద్రం దాటి రెండేళ్లయింది. తెలుగువాడు చేసిన ఆ కాలపు అతి పొడుగు ప్రయాణం కాశీకి కాదు. మొదటి యాత్రాచరిత్ర అని మనం అనేది మొదటి ప్రయాణికుడిది కాదు, ఖర్చు పెట్టుకుని వెళ్లి, తిరిగొచ్చి, రాసుకోగలిగినవాడిది. మన విమర్శకులు యాత్రా సాహిత్యం మీద రాసిన వ్యాసాలు కొన్ని చదివాను. వీరాస్వామి భాష గురించి, ఆయన ఇంగ్లీషు రాజ్యభక్తి గురించి చర్చ ఉంది. అదే ఏళ్లలో అదే తీరంలో జరిగిన రెండో ప్రయాణం ప్రస్తావన మాత్రం ఎక్కడా తగల్లేదు. గ్వాడెలూప్‌లో ఒక పూట తిరిగొచ్చి నేను రాసుకున్న డైరీలో కూడా లేదనుకోండి.

పోయిన సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు ఇంకో పూట కారు మాట్లాడాను, ఈసారి కాకినాడలో. బాబాయి వరసైన పెద్దాయన డ్రైవరు. "కోరంగి, యానాం, మధ్యాహ్నం భోజనానికి ఇంటికి" అన్నాను.

"కోరంగంటే మడ అడవులేగా బాబూ. చెక్క వంతెన మీద ఫొటోలు బాగా వస్తాయండి. మొన్న ప్రీవెడ్డింగు షూటింగోళ్లను తీసుకెళ్లాను."

"అడవి కాదు బాబాయ్, ఊరు చూడాలి."

"ఊళ్లో ఏముందండి చూడ్డానికి?"

నిజానికి ఆయనన్నదానికి జవాబు కష్టం. జగన్నాథపురం వంతెన దాటాం, చొల్లంగి దాటాం. గోదావరి ఏడు పాయలు సముద్రంలో కలిసే ఏడు చోట్లా మునిగే సప్తసాగర యాత్ర చొల్లంగి అమావాస్యనాడు ఇక్కడ మొదలై అంతర్వేదిలో ముగుస్తుంది. ఆ వరసలో కోరంగి కూడా ఒకటి, ఆత్రేయ పాయ దగ్గర. మా నాయనమ్మ చేసింది ఆ యాత్ర. అంటే కోరంగి స్నానం గుర్తుంచుకున్నాం, రేవుని మర్చిపోయాం.

ఒకప్పుడు కలకత్తాకీ, సింహళంలోని ట్రింకోమలీకీ మధ్య పెద్ద ఓడల్ని డాక్‌లో పెట్టి బాగుచేయగలిగిన రేవు ఇదొక్కటే. ఇంగ్లీషు గెజిటీర్లూ, హాబ్సన్-జాబ్సన్ నిఘంటువూ ఈ మాట చెబుతాయి. ఇప్పుడు రోడ్డు మీద నుంచి చూస్తే కోరంగి పాయ ఒక పెద్ద కాలువంత. నాలుగైదు పడవలు, ఎండేసిన వలలు, అవతల మడ చెట్లు. గోదావరి మోసుకొచ్చిన మట్టి రేవుని పూడ్చింది. అదే మట్టి కాకినాడ ఎదురుగా పొడుగ్గా ఇసుకదిబ్బ కట్టింది, హోప్ ఐలాండ్. దాని చాటున కాకినాడ రేవు బతికింది. గత రెండు వందల ఏళ్లలో పెరిగిన దీవి అది. 1828లో వెళ్లినవాళ్లకి ఆ దీవి ఇప్పటిలా కనబడి ఉండదు.

కోరంగి గురించి నెట్‌లో వెతికితే వచ్చేవన్నీ తుపానులే. 1789 డిసెంబరులో మూడు అలలు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. మొదటిది ఓడల్ని ఒడ్డుకి విసిరింది, రెండోది ఊళ్లోకి వచ్చింది, మూడోది ముంచేసింది. 20 వేలమంది పోయారని పుస్తకాలు చెబుతాయి. కలకత్తాలో ఉండే హెన్రీ పిడింగ్టన్ పాత తుపానుల వివరాలు సేకరిస్తూ ఈ ఉప్పెన గురించి కూడా రాశాడు. పాముచుట్ట అనే అర్థం వచ్చే గ్రీకు మాటనుంచి 'సైక్లోన్' అన్న పేరు పెట్టినవాడు ఆయనే. 1848లో నావికుల కోసం వేసిన పుస్తకంలో ఆ మాట ఉంది. సైక్లోన్ అనే మాట వెనక మా తీరం నీళ్లు కొన్ని ఉన్నాయన్నమాట.

1839 నవంబరు 25 తుపాను లెక్క మాత్రం నాకు నమ్మబుద్ధి కాదు. ఇరవై వేల పడవలు, మూడు లక్షల ప్రాణాలు అని ప్రతిచోటా అదే వాక్యం కాపీ అవుతూ ఉంటుంది. రెండేళ్ల తర్వాత, 1841లో జిల్లా మొత్తం జనం అయిదున్నర లక్షల చిల్లర అని పైన చెప్పాను. అంతకు ఇరవై ఏళ్ల ముందు కూడా ఏడు లక్షల పైచిలుకే. కరువులూ వలసలూ అన్నీ కలుపుకున్నా తగ్గింది రెండు లక్షల లోపు. ఒక్క రాత్రి ఒక్క రేవులో మూడు లక్షలు ఎలా పోతారు? 1977 దివిసీమ ఉప్పెనలో పోయినవాళ్లు పదివేలని సర్కారు లెక్క, అంతకన్నా ఎక్కువని చూసినవాళ్లంటారు. ఆ ఘోరాన్ని మన పెద్దవాళ్లు ఇంకా మర్చిపోలేదు. మూడు లక్షలంటే దానికి ముప్ఫై రెట్లు. పెద్ద అంకె వేస్తే చచ్చిపోయినవాళ్లకి గౌరవం పెరుగుతుందని ఎవరో అనుకున్నట్టున్నారు. ఊరు మునిగిందన్న మాట చాలదా? ఈ అంకెల హోరులో ఇంకో నష్టం కూడా ఉంది. కోరంగి అనగానే అందరూ కొట్టుకుపోయినవాళ్ల గురించే మాట్లాడతారు, ఓడెక్కి పోయినవాళ్ల గురించి ఎవరూ మాట్లాడరు.

ఓడెక్కినవాళ్లేమో ఊరి పేరు వెంట తీసుకెళ్లారు. 1843లో మారిషస్‌కి తెలుగు కూలీలను చేర్చిన ఓడ పేరు 'కోరంగి ప్యాకెట్'. అక్కడ తెలుగువాళ్లందరినీ కోరంగీలనేవాళ్లు. బర్మాలోనూ అంతే. శ్రీకాకుళం మనిషైనా, విశాఖ మనిషైనా, రంగూన్ రేవులో బస్తా మోస్తే కోరంగీయే. 1930 మేలో రంగూన్ డాక్‌లో సమ్మె చేసిన తెలుగు కూలీల మీద అల్లర్లు జరిగి వందమందికి పైగా చనిపోయారు. 1942లో జపాను వచ్చినప్పుడు లక్షలమంది కాలినడకన కొండలు దాటి తిరిగొచ్చారు. విశాఖలో బర్మా క్యాంపు పేరు చాలామంది వినే ఉంటారు. అంటే యానాం తెలింగా, రంగూన్ కోరంగి, గ్వాడెలూప్ మలబార్, ముగ్గురూ ఒకే పాతిక మైళ్ల నేలలో పక్కపక్కిళ్ల వాళ్లు కావచ్చు.

మా ఇంట్లో కూడా ఒక కోరంగి ఉన్నాడు. మా నాయనమ్మ చిన్నాన్న. "రంగం వెళ్లాడు" అనేది నాయనమ్మ. రంగం అంటే రంగూన్. చిన్నప్పుడు నాకు రంగమంటే నాటకం వేసే చోటని తప్ప తెలీదు, ఆయన నాటకాల్లో చేరాడేమో అనుకునేవాణ్ణి. ఆయన నుంచి ఒక బర్మా టేకు పెట్టె వచ్చింది, ఆయన రాలేదు. పెట్టె ఇంకా ఉంది, అమ్మ పచ్చడి జాడీలు పెడుతుంది అందులో. ఆయన పేరేమిటని ఈసారి అమ్మనడిగాను. మీ నాయనమ్మకే తెలియాలి అంది. నాయనమ్మ పోయి పదకొండేళ్లు. మూడు తరాల్లో, ఒకే ఇంట్లో, అచ్చ తెలుగులో మేం ఆయన పేరు పోగొట్టుకున్నాం. ఫ్రెంచి గుమాస్తాని అంతగా తిట్టనక్కర్లేదేమో.

తాళ్లరేవు దాటి, ఇంజరం, నీలపల్లి మీదుగా యానాం చేరాం. ఇంజరంలో బట్టల గిడ్డంగి గురించి బాబాయికి చెప్పాను. "మా పెద్దోళ్లు నేతోళ్లేనండి, మేం మానేసి రెండు తరాలైంది" అన్నాడు. యానాంలో పెట్రోలు కొట్టించుకున్నాడు. నేను 1846 నాటి చర్చి చూసి, గౌతమి ఒడ్డున కాసేపు నిలబడ్డాను. ఒడ్డంతా బాగా చేశారు, విగ్రహాలు, బెంచీలు, ఆ పక్క ఎత్తైన టవరు. కోరంగి పాయ గౌతమి నుంచి విడిపోయేది ఇక్కడే. ఇక్కడ పడవెక్కి, పాయలోంచి కోరంగి దాటి, బయట లంగరేసిన ఓడ ఎక్కాలి. పాయింతా పీత్ర్ దాకా కొన్ని నెలల దారి.

బాబాయికి గ్వాడెలూప్ సంగతి చెప్పాను. యానాం ముసలమ్మ మునిమనవడు అక్కడ కారు నడుపుతున్నాడని, భాష ఒకటేనా అనడిగితే కాదన్నానని. ఆయన పెద్దగా ఆశ్చర్యపోలేదు. "మా రెండో అమ్మాయి కువైట్‌లో ఉందండి. ఇంటి పని. ఆళ్లు దాన్ని మేరీ అని పిలుత్తారంట. దాని పేరు మంగాదేవి. నోరు తిరగదంట ఆళ్లకి."

తర్వాత కాసేపు ఇద్దరం మాట్లాడలేదు. మధ్యాహ్నం ఒంటిగంటకి ఇంటి దగ్గర దింపాడు. అనుకున్నదానికంటే వంద ఎక్కువిస్తే వద్దన్నాడు, మళ్లీ తీసుకున్నాడు.

ఆ సాయంత్రం, గ్వాడెలూప్ కారు మాట్లాడుకున్న సైటు తెరిచి, నా పాత రివ్యూ కింద ఒక మాట చేర్చుదామని చూశాను. గడువు అయిపోయింది, మార్చడానికి వీల్లేదంది. డ్రైవరుకి నేరుగా రాసే దారి లేదు. నేను రాసిన నాలుగు లైన్లు అలాగే ఉన్నాయి: టైముకి వచ్చాడు, కారు శుభ్రంగా ఉంది, జలపాతం బాగుంది, ఇంగ్లీషు బాగా మాట్లాడతాడు.

ఆయన ఇది చదివే అవకాశం లేదు. అయినా రాస్తున్నాను. అవునండీ, ఆవిడ భాష మా భాషే అయ్యుండాలి. యనావోన్ మా పక్క ఊరు.